ఊరు చూపిస్తారా... ఫోజు చూపిస్తారా?

పిల్లలమర్రికి వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోలు చూస్తుంటే నాకు నవ్వొస్తుంది. అన్నిట్లోనూ తనే హీరో! ఆ మహావృక్షం పాపం ఎక్స్‌ట్రా ఆర్టిస్టులా వెనకాల నిలబడుతుంది.

1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మన పాలమూరు సీమ మీదుగానే హైదరాబాదు వెళ్ళారు. మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద ఉద్యోగం, పల్లకీ, వెంట పరివారం... డాబుకేం కొదవ? అయినా మిత్రుడికి ఆయన రాసిందేమిటనుకున్నారు? దారెలా ఉంది, నీళ్ళెక్కడ, బసకు చోటుందా, అంగళ్ళలో ఏం దొరుకుతుంది - ఇవీ! 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయిందది.

మొన్న మా నల్లగొండ మిత్రుడు నాగార్జునసాగర్ నుంచి కబురు పెట్టాడు: "ఎండ మస్తుంది అన్నా, గొడుగు పట్టుకరా. కొండకు లాంచీల పోవాలె, పొద్దుగాల్నే రా."

ఫోటోలో వాడు లేడు, నీళ్ళే ఉన్నాయి. ఆదివారం నా ప్రయాణం ఖాయం!