గళ క్యాన్సరు: చికిత్సకు ముందరి దినములు

1885వ సంవత్సరమున శ్రీరామకృష్ణ పరమహంసకు కంఠమున నొప్పి యారంభమై, క్రమముగా మ్రింగుటయు మాటలాడుటయు దుర్భరములై, 1886 ఆగస్టు 16వ తేదీన కాశీపూరు తోటలో ఆయన దేహయాత్ర ముగియువరకు, మహేంద్రలాల్ సర్కారు వంటి ప్రసిద్ధవైద్యుడు చెంతనే యుండియు చేయగలిగినది మిక్కిలి స్వల్పము. అది గొంతున పుట్టిన క్యాన్సరు. రంట్జెన్ ఎక్స్ కిరణములను కనుగొనుటకు అప్పటికింకను తొమ్మిదేండ్ల వ్యవధి యుండెను. ఆ కిరణములతో కంఠక్యాన్సరును నయము చేయవచ్చునని హెన్రీ కుతార్ అను ఫ్రెంచి వైద్యుడు పారిస్‌లో జరిగిన వైద్యమహాసభకు రోగుల వృత్తాంతములతో నిరూపించుటకు 1922 వరకు ఆగవలసివచ్చెను. మోతాదునంతయు ఒక్కమారుగా కుమ్మరింపక దినమునకింత చొప్పున అనేక వారములపాటు పంచియిచ్చుటలోనే కుతార్ పద్ధతి యొక్క విశేషమున్నది. ఆరోగ్యముగానున్న కణములు రెండు దఫాల నడుమ లభించు విరామమున తమ గాయములను చాలవరకు మాన్చుకొనగలవు. క్యాన్సరు కణములకు ఆ శక్తి తక్కువ. నేటి చికిత్సాలయములలో ఈ వ్యాధికి తరచుగా వినవచ్చు లెక్క, అనగా గ్రే యను కిరణమోతాదు కొలమానమున దినమునకు 2 గ్రేల వంతున, వారమునకు ఐదు దినములు, ఏడు వారములలో 35 దఫాలుగా 70 గ్రేల మోతాదు, ఆ పద్ధతికి సంతతియే.

అయితే ఈ వ్యాసము ఆ ఏడు వారములను గూర్చినది కాదు. వానికి ముందు గడచు కాలమును గూర్చినది. రోగనిర్ణయమైన దినమునకును మొదటి కిరణము సోకు దినమునకును నడుమ రెండు మూడు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, గడచుచుండును. లోపల గడ్డ పెరుగుచున్నదన్న భయముతో నిద్రపట్టని రోగికి, పండ్ల వైద్యుని చూడుమనియు, చెవుల పరీక్ష చేయించుకొమ్మనియు, మాస్కు కొలతకు రమ్మనియు ఆసుపత్రివారు తిప్పుచుండుట కేవలము కాలహరణముగ తోచుట సహజమే. కాని ఆ తిరుగుడే చికిత్సలో మొదటి భాగమనియు, దానిని శ్రద్ధగా నడపినవారికిని ఉపేక్షించినవారికిని పిమ్మట అనుభవములో చాల యంతరముండుననియు తెలుపుటయే నా యుద్దేశము.

ముందుగా వ్యాధిని గూర్చి రెండు మాటలు. ముక్కు వెనుకభాగము మొదలుకొని అన్నవాహిక ముఖద్వారమువరకు ఎచ్చట పుట్టినను లోకము దానిని గొంతు క్యాన్సరనియే చెప్పుకొనును గాని, స్వరపేటికయందు పుట్టినదానికిని, టాన్సిల్‌నందో నాలుక మొదటనో పుట్టినదానికిని నడతలో భేదము గలదు. మొదటిది గొంతు బొంగురుపోవుటతో త్వరగా బయటపడును. మూడు వారములైనను బొంగురు తీరనిచో జలుబని సరిపెట్టుకొనక చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడవలయును. రెండవది పలువురకు, గడ్డము గీసికొనునప్పుడు దవడ క్రింద చేతికి తగులు నొప్పిలేని గడ్డగా ప్రత్యక్షమగును. నొప్పి లేకపోవుటచేతనే నెలలు గడచిపోవును. పొగాకును మద్యమును పూర్వమునుండియు తెలిసిన కారణములు; రెండును కూడినచోట అపాయము ఆ రెంటి మొత్తముకంటె అధికము. మన దేశమున గుట్కాయు, వక్కయు, ఖైనీయు వానికి తోడైనవి. శ్రీకాకుళ విశాఖ తీరములందు చుట్టను మండుకొన నోటిలోనుంచుకొని పీల్చు అడ్డపొగ యలవాటును, దానివలన అంగిట పుట్టు క్యాన్సరును ప్రపంచ వైద్యగ్రంథములకే ఎక్కినవి. అమెరికాలోనన్ననో టాన్సిల్, నాలుక మొదలు క్యాన్సరులలో నూటికి సుమారు డెబ్బది హ్యూమన్ పాపిలోమా వైరసు మూలమున కలుగుచున్నవి. ఎన్నడును సిగరెట్టు ముట్టనివారికి ఈ వ్యాధి వచ్చినపుడు ఇంటిల్లిపాదియు ఏ పాపమునకిది ఫలమని తర్కించుకొనుట నిష్ప్రయోజనము. జనసామాన్యమున మిక్కిలి వ్యాపించియున్న ఆ వైరసు ఎప్పుడో యౌవనమున సోకి, దశాబ్దముల పిమ్మట తన పని చేయును. దీనికి టీకా కలదనియు, అది బాలికలకు మాత్రమే కాక పదునొకండు పండ్రెండేండ్ల బాలురకును వేయింపదగినదనియు తల్లిదండ్రులు గుర్తుంచుకొందురుగాక.

బయాప్సీ ఫలితముతోపాటు చెవినిబడు మాటలలో మనవారిని ఎక్కువగా కలవరపెట్టునది స్టేజి. నాలుగవ స్టేజి యనగానే అంతయు అయిపోయినదని కూలబడువారిని చూచుచున్నాము. తల, మెడ క్యాన్సరుల విషయమున ఈ సంఖ్యకు ఆ యర్థము అన్నివేళల లేదు. మెడలోని గ్రంథులకు మాత్రమే ప్రాకి, దేహమునందితరత్ర పోనివానిలో అనేకములను, సంఖ్య నాలుగైనను, నయము చేయు సంకల్పముతోనే చికిత్సింతురు. అంతేకాదు, వైరసు వలన కలిగిన టాన్సిల్ క్యాన్సరు మెడకు ఒకవైపు గ్రంథులకు ప్రాకినపుడు పాత లెక్కలో నాలుగవ స్టేజిలో చేరుచుండగా, 2018 నుండి అమెరికాలో అమలైన కొత్త లెక్కలో అనేక సందర్భములలో అదియే మొదటి స్టేజి. రోగము మారలేదు, లెక్క మారినది. ఏలయన ఈ జాతి క్యాన్సరు చికిత్సకు బాగుగా లొంగునని అనుభవమున తేలినది. కావున వైద్యునడుగవలసిన మొదటి ప్రశ్న, ఎన్నవ స్టేజియని కాదు. వైరసు జాడ తెలుపు పి16 పరీక్ష ఫలితమేమి, వ్యాధి మెడ దాటినదా, మీరు నయము చేయుటకు పూనుకొనుచున్నారా, ఉపశమనమునకా అని. స్వరపేటిక వ్యాధియైనచో దానిని తీసివేయక కాపాడుటకు వీలున్నదా యనియు అడుగవలెను. 1991లో వెలువడిన అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరిశోధన, కీమోథెరపీతోను రేడియేషన్‌తోను చికిత్స పొందినవారిలో సుమారు మూడింట రెండువంతులమందికి స్వరపేటిక నిలిచినదనియు, శస్త్రచికిత్స పొందినవారితో పోల్చినపుడు ఆయుర్దాయమున వారికి లోటు రాలేదనియు చూపినది.

అమెరికాలోని మన ప్రవాసగృహములలో ఇచ్చట మరియొక చిక్కు కలదు. కొడుకు వద్దకో కూతురు వద్దకో వచ్చిన పెద్దలకు ఈ వ్యాధి బయటపడినపుడు, వైద్యుడు అర్ధగంటసేపు చెప్పినదంతయు బిడ్డల నోట “చిన్న గడ్డ, నాన్నగారూ, కరెంటు పెట్టుదురట” అని ముగియును. ఆ దాపరికము వెనుక నున్నది ప్రేమయే. కాని ఈ చికిత్సకు రోగి ప్రతిదినము తానే సహకరింపవలసియుండగా, తెలియనివాడు దేనికి సహకరించును? ఆసుపత్రివారిని అడిగినచో తెలుగు దుబాసిని సమకూర్తురు. ఫోనుద్వారా నైనను ఏర్పాటు చేయుదురు. కన్నబిడ్డకు నోరు రాని మాటను పరాయి మనిషి నిదానముగా చెప్పగలడు. సందర్శకులకై కొనిన బీమా ఇట్టి చికిత్సకు సామాన్యముగా చాలదు గనుక, కొందరు పెద్దలను స్వదేశమునకు తోడ్కొనిపోవుదురు. అందు చిన్నతనమేమియు లేదు. హైదరాబాదున 1955 నాటి ఎం.ఎన్.జె. సంస్థయు, 2000 సంవత్సరమున ప్రారంభమైన బసవతారకం ఇండో అమెరికన్ ఆసుపత్రియు ఈ వైద్యమునకు పేరొందినవే.

ఇక పండ్లు. రేడియేషన్ తగిలిన లాలాజలగ్రంథులు తమ ఊటను తగ్గించును. లాలాజలము తగ్గిన నోట పండ్లు వేగముగా పుచ్చును. అంతకంటె ముఖ్యమైనది, కిరణములు సోకిన దవడయెముకకు రక్తప్రసారము క్షీణించి, తరువాత ఎప్పుడైన పన్ను పీకినచో ఆ గాయము మానక ఎముకయే కుళ్లు ప్రమాదమున్నది. ఆ యపాయము ఏడాదికో రెండేండ్లకో తీరిపోవునది కాదు. అందుచేత నిలువని పండ్లను ముందుగానే తీసివేసి, గాయము మానుటకు కనీసము పది, పదునాలుగు దినములు గడువిత్తురు. మిగిలినవానికి ఫ్లోరైడు పూసికొను తొడుగులను కొలతకు చేయింతురు. ఆ పూత జీవితాంతము అలవాటు కావలెను. అమెరికాలో దంతబీమా వేరు, వైద్యబీమా వేరు, దేహము మాత్రము ఒకటే. కావున ఈ రెండు కార్యాలయముల నడుమ కాగితములు నడపుటకు ఇంట ఒకరు పూనుకొనవలయును. సిస్‌ప్లాటిన్ అను కీమో మందును జతచేయువారికి వినికిడి పరీక్షయు మూత్రపిండముల పరీక్షయు ముందుగానే చేయుదురు; ఆ మందు ఆ రెంటిని బాధింపగలదు. పొగత్రాగువారు ఆ నిమిషముననే మానవలెను. చికిత్సాకాలమున పొగ త్రాగుట కిరణముల ప్రభావమును తగ్గించును.

మాస్కు తయారుచేయు దినమునకు చాలమంది భయపడుదురు. సన్నని రంధ్రములతో నిండిన ఒక తెల్లని ప్లాస్టిక్ పలకను వేడినీటి తొట్టిలో వేయగా అది మెత్తబడును. బల్లపై వెలికిల పరుండిన రోగి ముఖముమీదను మెడమీదను దానిని పరచి, ఇరుప్రక్కల లాగి, బల్లకు బిగింతురు. గోరువెచ్చని తడితువాలు కప్పినట్లుండి, సుమారు పది నిమిషములలో చల్లారి, ముక్కు గడ్డముల ఆకారము దిద్దుకొని గట్టిపడును. ఊపిరికి అడ్డులేదు, కదలుటకు మాత్రము వీలులేదు, దాని ప్రయోజనమే యది. దానితోడనే సి.టి. స్కాను తీయుదురు. ఇరుకుగదులన్న భయముండువారు ముందే చెప్పినచో కన్నులవద్ద కత్తిరించియిచ్చుటకో, భయము తగ్గించు మాత్ర యిచ్చుటకో వీలుండును. గడ్డము పెంచువారు ఏ తీరున ఏడు వారములుండదలచిరో ఆ తీరుననే ఆ దినము వెళ్లవలెను. పెరిగినను తరిగినను మాస్కు అమరదు. స్త్రీలు మెడలోని గొలుసులు, ముక్కుపుడక, చెవికమ్మలు ఇంటివద్దనే తీసియుంచవలెను. లోహము స్కాను బొమ్మను చెరచును. తాళి తీయుటకు మనసొప్పనివారు పసుపుత్రాడును ఆ కాసేపు చేతికి కట్టుకొనవచ్చును.

మాస్కు అయిన పిమ్మట వారము పది దినములు ఆసుపత్రినుండి పిలుపు రాదు. ఆ మౌనములో పని మానలేదు. వైద్యుడు స్కానులోని ఒక్కొక్క పొరపై కొట్టవలసిన చోటును, కాపాడవలసిన వెన్నుపామును, లాలాజలగ్రంథులను గీతలతో గుర్తించును. చెవిక్రింది గ్రంథికి సగటున 26 గ్రేలకు మించకుండ చూడగలిగినచో లాలాజలము కొంతవరకు తిరిగివచ్చునని ఆశ. భౌతికశాస్త్రవేత్తలు ఆ గీతలకు సరిపడునట్లు కిరణముల కోణములను లెక్కించి, రోగి రాకమునుపే యంత్రముపై సరిచూతురు.

ఆ వారము రోగి చేయవలసిన పని తినుట, మ్రింగుట. చికిత్స రెండు మూడు వారములు సాగిన పిమ్మట నోరు పూసి, రుచి నశించి, చీమిడివలె చిక్కబడిన లాలాజలము గొంతునడ్డును. అప్పుడు బరువు తగ్గుట తప్పదు. మితిమీరి తగ్గినచో మాస్కు వదులై, స్కాను మరల తీయవలసివచ్చును. కావున ముందు దినములలో నేయి, పెరుగు, పప్పు, గ్రుడ్లు, ఏది సహించిన నది, వెనుదీయక తినవలెను. ఏకాదశులు, శనివారపు ఒంటిపూటలు ఈ రెండు నెలలు దేవునికే వదలివేయుట మంచిది. మ్రింగుడు వ్యాయామములను నేర్పు నిపుణులుందురు. వారిని చికిత్సకు ముందే చూడవలెను. వాడని గొంతు కండరములు బిగుసుకొనిపోవును గనుక, నొప్పి యున్నను దినమునకు కొన్ని గ్రుక్కలైనను మ్రింగుచుండవలెనని వారందురు. కొందరికి పొట్టలోనికి గొట్టము వేయుదురు. అది ఓటమి కాదు, తాత్కాలికమైన దారి. ఇంట లీటరు నీటికి చెంచాడు ఉప్పును చెంచాడు వంటసోడాను కలిపి పుక్కిలించుటకు సిద్ధముగా నుంచుకొనవలెను. బంధువులు పంపు చూర్ణములను, విటమినుల సీసాలను వైద్యునికి చూపక వాడరాదు. కొన్ని కిరణముల పనికే అడ్డుతగులవచ్చును.

యంత్రమువద్ద గడచునది ప్రతిదినము కొలది నిమిషములే. నొప్పి తెలియదు, కరెంటు తగలదు, ఇంటికి వచ్చిన రోగి దేహమున కిరణములేవియు మిగులవు, మనుమలను ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును. శ్రమయంతయు రాకపోకలలోనిది. 35 దినములు కారు నడుపుట ఒక్క జీవితభాగస్వామికి మించిన పని. మన సంఘములు వనభోజనములకు పట్టిక వేసినంత సులువుగా దీనికిని పట్టిక వేయగలవు. వంట తెచ్చువారు కారము, పులుపు లేనిది తెచ్చుట, తెచ్చుటకు ముందు ఫోను చేసి ఈ వారమేది దిగుచున్నదని అడుగుట యుక్తము. చివరి దినమున అమెరికా ఆసుపత్రులలో రోగిచేత గంట మ్రోగించు ఆచారమున్నది. నాటి సాయంకాలమే మిత్రులు మిఠాయిపెట్టెలతో దిగుదురు. నోటిపూతయు నీరసమును తరచుగా ఆ గంట తరువాతి ఒకటి రెండు వారములలోనే పరాకాష్ఠ చేరును గనుక, కారు పట్టికను, జావ పట్టికను మరి మూడు వారములు పొడిగించి వేసికొనవలెను. మిఠాయిపెట్టెలను, చికిత్స ఫలితమును తెలిసికొనుటకు సుమారు పండ్రెండు వారములకు తీయు పెట్ స్కాను వరకు ఆపవచ్చును.