రెక్కకొన చెప్పు గురుతు

శీతకాలపు దినములలో కాకినాడ తీరమునకు మరపడవలు తిరిగివచ్చువేళ వాని వెంట తెల్లని పక్షుల గుంపులు కేకలు వేయుచు వచ్చును. పడవవారు పారవేయు చిన్నచేపలకై అవి నీటిపై వాలుచు, మరల లేచుచు నుండును. వానినన్నిటిని ఒకే జాతిగ నెంచుట సహజము. కాని ఆ గుంపులలో మిక్కిలి పోలికగల రెండు జాతులు కలిసియుండవచ్చును. ఒకటి గోధుమతల గల్, రెండవది నల్లతల గల్. మన తీరమున మొదటిదే అధికము.

పేరునుబట్టి గుర్తింపబూనిన విద్యార్థికి ఆదిలోనే చిక్కు వచ్చిపడును. నల్లతల గల్ తల నిజమునకు నలుపు కాదు, ముదురు గోధుమవర్ణము! రెండవదాని తల అంతకంటె కొంచెము లేత. ఆ రంగైనను గ్రుడ్లుపెట్టు కాలముననే నిండుగనుండును. శీతకాలమున రెండింటి తలలును తెల్లబడి, చెవికడ ఒక నల్లమచ్చ మాత్రము మిగులును. గోధుమతల గల్‌ను 1840లో శాస్త్రలోకమునకు పరిచయము చేసిన జెర్డన్ మద్రాసు రాజధానిలో వైద్యుడు. తరువాత నెల్లూరునందును పనిచేసెను. ఆయన పెట్టిన పేరు శాస్త్రమున నిలిచినదే కాని, జనవరి మాసమున రేవులో నిలుచున్నవానికి దానివలన సాయము స్వల్పము.

కనుక చూడవలసినది తలను కాదు, రెక్కను. ఎగురు పక్షి ఒక ప్రక్కకు ఒరిగి మలుపు తిరిగినపుడు రెక్క పైభాగమంతయు ఒక్క క్షణము కానవచ్చును. దానికై కాచియుండవలెను. గోధుమతల గల్ రెక్కకొన సిరాలో ముంచితీసినట్లు దట్టమైన నలుపు. ఆ నలుపులో కొనకు కొంచెము లోపలగ తెల్లని బొట్లుండును. పక్షిశాస్త్రజ్ఞులు వీనిని అద్దములందురు. నలుపునకు లోపలివైపున తెల్లని మచ్చ యొకటి పరచుకొనియుండును. నల్లతల గల్ రెక్కకు ఇట్టి నల్లని కొన లేదు. రెక్క వంపు మొదలు కొనదాక ముందంచున పొడవైన తెల్లని త్రికోణము మెరయును. నలుపు వెనుకయంచున సన్నని గీతవలె మాత్రముండును. ఈ త్రికోణము దుర్భిణి లేకయే చాల దూరమునకు తెలియును.

గోధుమతల గల్ కొంచెము పెద్దది, దాని ముక్కును బలమైనది. కాని ఆకాశమున ఒంటరిగ నెగురు పక్షి పరిమాణమును నమ్మరాదు. రెండును ప్రక్కప్రక్కన నున్నపుడే ఆ భేదము అక్కరకు వచ్చును. పడవయంచున వాలినచో కంటిని చూడవచ్చును. ఎదిగిన గోధుమతల గల్ కనుపాప చుట్టు పాలిపోయిన పసుపుచాయ, రెండవదానికి ముదురురంగు. పిల్లపక్షులయందు ఈ గురుతు పనిచేయదు. గోధుమతల గల్ పిల్లకు అద్దములు సైతము ఉండవు, నల్లని కొన మాత్రము విశాలముగనుండును.

తూర్పుతీరమున మరియొక యిబ్బంది కలదు. ఉదయమున సముద్రమువైపు చూచువానికి సూర్యుడు ఎదురగును. ఆ వెలుగులో తెల్లని రెక్కయు నల్లగనే తోచును. సూర్యుడు వెనుకకు వచ్చు మధ్యాహ్నానంతరమే పరిశీలనకు అనువు.

ఇంత సూక్ష్మభేదము ఎందులకని అడుగువారుందురు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి యేటేట జనవరిలో జరుగుచున్నది. దానియందు ఉపాధ్యాయులు, విద్యార్థులు సైతము పాల్గొనవచ్చును. గోధుమతల గల్ లడఖ్, టిబెట్ పీఠభూముల సరస్సులకడ పిల్లలను పెంచును. నల్లతల గల్ ఐరోపా మొదలు సైబీరియాదాక పరచిన భూములలో పెంచును. 2005లో చైనాలోని చింగ్హై సరస్సువద్ద బర్డ్‌ఫ్లూ వ్యాధి వేలకొలది పక్షులను చంపినపుడు, చచ్చినవానిలో గోధుమతల గల్ పక్షులుండెను. అట్టి యేటి తరువాత మన తీరమున వాని సంఖ్య తగ్గినదా యను ప్రశ్నకు, రెండు జాతులను ఒకటిగ లెక్కించిన పట్టిక సమాధానమీయజాలదు. ఒకదాని లోటును రెండవది పూడ్చి కప్పివేయును.

రెక్క స్పష్టముగ కానరానప్పుడు ‘గల్, జాతి తెలియలేదు’ అని వ్రాయుట మేలు. మార్చి నాటికి తలలు మరల రంగుదేర నారంభించును. అప్పటికి గుంపులు ఉత్తరమునకు కదలుచుండును.