చేతులెత్తితే చాలా?

తమ్ముళ్లూ, అసెంబ్లీకీ పార్లమెంటుకూ ఓటు వేయాలంటే మీకు పద్దెనిమిదేళ్లు నిండాలి. హాస్టల్లో మాత్రం చేరిన మొదటి నెలలోనే ఓటు వేస్తారు. ఆదివారం పులిహోరా, టమాటా బాతా? వార్షికోత్సవానికి నాటకమా, కోలాటమా? "ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అనగానే చేతులు లేస్తాయి.

ఇలా అడగడాన్ని 'స్ట్రా పోల్' అంటారు. స్ట్రా అంటే గడ్డిపరక. కళ్లంలో తూర్పారబట్టే రైతు ముందుగా గుప్పెడు పొట్టు ఎగరేసి గాలి ఎటు వీస్తోందో చూసుకుంటాడు. ఇదీ అలాంటిదే. ఇది ఎన్నికా కాదు, తీర్మానమూ కాదు. నలుగురి మనసు ఎటు ఉందో ముందే తెలుసుకునే పద్ధతి.

పెద్ద పెద్ద సభలు కూడా ఈ పని చేస్తాయి. 2016లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి పదవికి పలువురు పోటీపడ్డారు. భద్రతా మండలిలోని 15 దేశాలు ఒక్కో అభ్యర్థి గురించి 'ప్రోత్సహిస్తాం', 'వద్దంటాం', 'అభిప్రాయం లేదు' అని రహస్యంగా చీటీలు వేశాయి. జూలై 21 నుంచి అక్టోబరు 5 వరకు ఆరుసార్లు ఇలా చూశారు. ఆరోసారి వీటో ఉన్న అయిదు దేశాలకు వేరే రంగు చీటీలిచ్చారు. ఆంటోనియో గుటెరస్‌కు 13 దేశాలు అనుకూలమని, 2 అభిప్రాయం లేదని తేలింది. వద్దన్నవారు లేరు. మర్నాడు మండలి లాంఛనంగా ఆయన పేరు సిఫారసు చేసింది. గాలి చూడటం వేరు, నిర్ణయం వేరు అన్నమాట.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఎత్తే చెయ్యి పక్కవాడి చేతిని చూస్తుంది. 1950లలో అమెరికాలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష చేశాడు. మూడు గీతల్లో ఏది తాము చూపిన గీతకు సమానమో చెప్పాలి. ముందే మాట్లాడుకున్నవాళ్లంతా తప్పు చెబుతుంటే, సంగతి తెలియనివారిలో నూటికి 75 మంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పే చెప్పారు. జవాబు కాగితం మీద రాయనిస్తే తప్పులు బాగా తగ్గాయి. గీతల విషయంలోనే ఇలా ఉంటే, పదో తరగతి అన్నలు చూస్తుండగా అయిదో తరగతి పిల్లవాడి చెయ్యి ఎటు లేస్తుంది?

రెండోది, ఎవరిని అడిగామన్నది. 1936 అమెరికా ఎన్నికలప్పుడు 'లిటరరీ డైజెస్ట్' పత్రిక దాదాపు కోటి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడంది. తీరా 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోను, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. పైగా అడిగినవారిలో చాలామంది జవాబే ఇవ్వలేదు. మన దగ్గరా అంతే. జ్వరంతో పడుకున్నవాడిని, ఊరెళ్లినవాడిని, వెనక వరుసలో నోరెత్తనివాడిని లెక్కలో కలపకపోతే ఆ లెక్క తప్పుతుంది.

కాబట్టి చేతులకు బదులు చీటీలు వాడండి. నోటు పుస్తకంలో ఒక్క కాగితం చింపితే ఎనిమిది చీటీలవుతాయి. 'ఏదైనా సరే' అనే జవాబుకూ చోటివ్వండి. తరగతికొకరు చొప్పున కూర్చుని అందరి ముందూ లెక్కపెట్టండి. ఇది అభిప్రాయమే, నిర్ణయం కాదని ముందే చెప్పండి.

చివరిగా ఒక మాట. ఇష్టాలకు ఓటు పెట్టవచ్చు, హక్కులకు పెట్టకూడదు. పులిహోరా, టమాటా బాతా అన్నది ఇష్టం. ప్రతి ఒక్కరికీ రావలసిన గుడ్డు ఇష్టం కాదు, హక్కు. మరుగుదొడ్లు చిన్నవాళ్లే కడగాలని 70 చేతులు లేచి 30 చేతులు లేవకపోతే అది మెజారిటీ కాదు, దౌర్జన్యం. ఏ ప్రశ్నకు ఓటు పెట్టకూడదో తెలిసిన హాస్టల్లోనే చిన్న తమ్ముడు తన చీటీ మీద నిజం రాస్తాడు.