లియరీ కాన్‌స్టంటైన్: అంకెలు చెప్పని చరిత్ర

సాహిత్య పత్రికలో క్రికెట్ ఆటగాడి ప్రస్తావన ఏమిటని ఎవరైనా అడగవచ్చు. జీవితచరిత్ర రాయబూనే వారికి వెస్టిండీస్ క్రీడాకారుడు లియరీ కాన్‌స్టంటైన్ జీవితం మంచి పాఠమని నేననుకుంటాను. రికార్డుల పుస్తకం తెరిస్తే 18 టెస్టులు, 635 పరుగులు, 58 వికెట్లు కనిపిస్తాయి. ఈ అంకెలు అబద్ధం కావు. కాని అసలు సంగతి వాటిలో లేదు.

ఆయన 1901లో ట్రినిడాడ్‌లో, బానిసల సంతతిలో పుట్టాడు. కోకో తోటలో మేస్త్రీగా పనిచేసిన తండ్రి కూడా పేరున్న ఆటగాడే. కొడుకు న్యాయవాదుల కచేరీలో గుమాస్తా అయ్యాడు. వలస పాలనలో నల్లవాడికి అంతకు మించిన మెట్టు అందడం కష్టం. 1928లో లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్‌పై 86, 103 పరుగులు చేసి, ఒక ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీశాడు. మరుసటి ఏడు లాంకషైర్‌లోని నెల్సన్ క్లబ్బు ఆయనను జీతమిచ్చి పిలిపించుకున్నది.

నెల్సన్ నేతమిల్లుల ఊరు. అక్కడ ఆడిన 9 సీజన్లలో 7 సార్లు లీగు గెలిపించాడు. మిల్లు కార్మికులు ఆయనను తమవాడిగా చూసుకున్నారు. సొంత దేశపు జట్టుకు మాత్రం నాయకుడు తెల్లవాడే కావాలి! పూర్తి సిరీస్‌కు నల్లవాడు నాయకుడు కావడానికి 1960లో ఫ్రాంక్ వొరెల్ దాకా ఆగవలసి వచ్చింది.

రచయితలు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 1932లో ఇంగ్లండు చేరిన సి.ఎల్.ఆర్. జేమ్స్‌కు నెల్సన్‌లో ఆశ్రయమిచ్చింది కాన్‌స్టంటైనే. వెస్టిండీస్ స్వపరిపాలన కోరుతూ జేమ్స్ రాసిన పుస్తకం అచ్చు కావడానికి సొమ్మిచ్చిందీ ఆయనే. ఆటగాడి సంపాదన ఒక రచయితకు కలమైంది.

1943లో లండన్‌లోని ఇంపీరియల్ హోటలు, ముందే గదులు కుదుర్చుకున్న ఆయన కుటుంబాన్ని రంగు కారణంగా ఉండనీయలేదు. ఆయన కోర్టుకెక్కాడు. వర్ణవివక్షను నిషేధించే చట్టమే లేని రోజులు. సత్రం నడిపేవాడు బాటసారిని కారణం లేకుండా తిప్పి పంపరాదన్న పాత నియమం ఆధారంగా 1944లో గెలిచాడు. దక్కిన పరిహారం 5 గినీలు. సొమ్ము స్వల్పమే, కాని అవమానం వ్యక్తిగత విషయంగా మిగిలిపోక బహిరంగ ప్రశ్న అయింది. వివక్షపై తొలి చట్టం 1965లో గాని రాలేదు.

ఆయనలో వైరుధ్యం లేదనలేం. 1962లో సర్ బిరుదు, 1969లో ప్రభువుల సభలో స్థానం స్వీకరించాడు. సామ్రాజ్యం తనను ధిక్కరించిన వారికి కూడా కిరీటాలు పెట్టగలదు. అయితే 1963లో, ట్రినిడాడ్ హైకమిషనర్‌గా ఉంటూనే, నల్లవారికి బస్సుల్లో ఉద్యోగాలివ్వని బ్రిస్టల్‌లో సాగిన బహిష్కరణోద్యమాన్ని బాహాటంగా సమర్థించాడు. 1971లో మరణించాడు.

బిరుదులను దాచి వీరుణ్ణి చేయడం సులువు. వాటినే చూపి కొట్టివేయడం ఇంకా సులువు. రెంటినీ ఒక జీవితంలోని నిజాలుగా, ఆ కాలపు శక్తుల మధ్య నిలిపి చూపడమే జీవితచరిత్రకారుని పని.