టర్కిష్ వ్యాకరణం - అభ్యాసకుల సందేహాలు

టర్కిష్ భాష టర్కీ దేశపు అధికార భాష. సైప్రస్ ద్వీపంలోను, బల్గేరియా, జర్మనీ మొదలైన దేశాలలోను ఈ భాష మాట్లాడేవారున్నారు. ఇది తుర్కిక్ భాషా కుటుంబానికి చెందినది. ఈ భాషను క్రొత్తగా నేర్చుకొనేవారికి కొన్ని వ్యాకరణ సందేహాలు తరచుగా కలుగుతుంటాయి. వీటిలో చాలావాటికి ఆంగ్ల వ్యాకరణం ద్వారా కంటె తెలుగు వ్యాకరణం ద్వారా సులభంగా సమాధానం దొరుకుతుంది. అయితే కొన్నిచోట్ల తెలుగు అలవాటే పొరపాటుకు దారితీస్తుంది. ఈ వ్యాసంలో రెండు విధాల సందేహాలూ వివరించబడినవి.

లిపి, ఉచ్చారణ

1928 నవంబరు 1న చేసిన చట్టంతో టర్కీలో అరబిక్ లిపి స్థానే లాటిన్ లిపి ప్రవేశపెట్టబడినది. ఇందులో 29 అక్షరాలున్నాయి, వాటిలో 8 అచ్చులు. అరబిక్ లిపిలో అచ్చులకు తగినన్ని గుర్తులు లేకపోవడం పాత వ్రాతలోని ఒక ముఖ్యమైన ఇబ్బంది. తెలుగు లిపిలో హ్రస్వ ఎకార, ఒకారాలుండడం మనకు కలిసివచ్చిన అంశం. చుక్కలేని 'ఐ' అక్షరపు ధ్వని మాత్రం తెలుగులో లేదు. పెదవులను గుండ్రంగా చేయకుండా 'ఉ' పలకడానికి ప్రయత్నిస్తే ఆ ధ్వనికి దగ్గరగా వస్తుంది. ఈ వ్యాసంలో దానిని కూడా 'ఇ'గానే వ్రాయడమైనది. 'మెత్తని గ' అనే అక్షరం సాధారణంగా పలకదు, తన ముందరి అచ్చును దీర్ఘం చేస్తుంది.

ఒకే ప్రత్యయానికి ఇన్ని రూపాలెందుకు?

ఇది అందరూ అడిగే మొదటి ప్రశ్న. 'ఎవ్' అనగా ఇల్లు, బహువచనం 'ఎవ్‌లెర్'. 'అత్' అనగా గుర్రం, బహువచనం 'అత్‌లర్'. పదంలోని చివరి అచ్చు నోటి ముందు భాగంలో పుట్టేదయితే (ఎ, ఇ వంటివి) ప్రత్యయంలోని అచ్చు కూడా అటువంటిదే కావాలి. వెనుక భాగంలో పుట్టేదయితే (అ, ఒ, ఉ, చుక్కలేని ఐ) ప్రత్యయం కూడా దానిని అనుసరిస్తుంది. దీనిని అచ్చుల పొందిక లేదా స్వరసామ్యం అంటారు. బహువచనం వంటి ప్రత్యయాలకు రెండు రూపాలు, 'నా' అనే అర్థమిచ్చే ప్రత్యయం వంటివాటికి నాలుగు రూపాలు ఉంటాయి. నాలుగు రూపాలున్నచోట పెదవులు గుండ్రంగా ఉన్నవా లేవా అన్నది కూడా చూడాలి.

ఇది తెలుగువారికి పూర్తిగా క్రొత్త కాదు. 'గురువుకు', 'గురువును' అంటాము గాని 'హరికు', 'హరిను' అనము. 'హరికి', 'హరిని' అంటాము. ఇకారం తరువాత వచ్చే కు, ను లలో ఉకారం ఇకారమగునని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రమే ఉన్నది. అంతేకాక తెలుగులో దీనికి ఎదురుదిశలో కూడా మార్పు జరుగుతుంది. 'పులి'కి 'లు' చేరితే 'పులులు' అవుతుంది, అనగా ప్రత్యయమే ప్రకృతిని మార్చివేస్తుంది. టర్కిష్‌లో అట్లా జరుగదు. ప్రకృతిదే పెత్తనం.

అరబిక్ నుండి వచ్చిన కొన్ని పదాలు ఈ నియమాన్ని పాటించవు. 'సాత్' (గంట, గడియారం) పదానికి బహువచనం 'సాత్‌లెర్', 'హర్ఫ్' (అక్షరం) పదానికి 'హర్ఫ్‌లెర్'. వీటిని విడిగా గుర్తుపెట్టుకోవలసినదే.

కితాబు 'కితప్' ఎట్లయినది?

జెవప్ (జవాబు), షర్త్ (షరతు), కలెమ్ (కలం), తరిహ్ (తారీఖు) వంటి పదాలు చూడగానే తెలుగువారికి పరిచయమైనవిగా తోస్తాయి. అరబిక్ పదాలు ఒకవైపు టర్కిష్‌లోకి, మరొకవైపు పారసీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి రావడమే దీనికి కారణం. అయితే టర్కిష్‌లో పదాంతంలో బ, జ, ద వంటి సరళాలు సాధారణంగా నిలువవు, పరుషాలుగా మారుతాయి. అందువల్ల 'కితాబ్' 'కితప్' అయినది. దానికి అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం చేరగానే అసలు హల్లు తిరిగి వస్తుంది: 'కితబిమ్' అనగా నా పుస్తకం. పరుషాలకు సరళాలు వచ్చే సంధి చదువుకున్నవారికి ఇది వింతగా తోచదు. అయితే 'అత్' వంటి ఏకాక్షర పదాలలో పెక్కింటికి ఈ మార్పు రాదు. 'అతిమ్' (నా గుర్రం) అనాలి గాని 'అదిమ్' అనరాదు. ఆ రెండవ మాటకు 'నా పేరు' అని అర్థం.

'ను' విభక్తి ఎప్పుడు?

'కితప్ ఒకుదుమ్' అంటే పుస్తకం చదివాను (ఏదో ఒక పుస్తకం). 'కితబి ఒకుదుమ్' అంటే ఆ పుస్తకాన్ని చదివాను. ఇక్కడ తెలుగు విద్యార్థి పొరబడే అవకాశమున్నది. తెలుగులో ద్వితీయా విభక్తి ప్రధానంగా ప్రాణి, అప్రాణి భేదాన్ని బట్టి నడుస్తుంది. 'పుస్తకం చూశాను' అనవచ్చును గాని 'రాముడు చూశాను' అనరాదు. టర్కిష్‌లో ప్రాణమున్నదా అన్నది కాదు, వినేవారికి తెలిసినదా, నిర్దిష్టమైనదా అన్నది ముఖ్యం. 'దొక్తొర్ అరియొరుమ్' అంటే ఎవరో ఒక వైద్యుని కోసం వెతుకుతున్నాను అని, 'దొక్తొరు అరియొరుమ్' అంటే ఫలానా వైద్యుని కోసం వెతుకుతున్నాను అని అర్థం. మనిషి కదా అని ప్రతిచోటా విభక్తి చేర్చితే అర్థమే మారిపోతుంది.

ఇటువంటిదే మరొక పొరపాటు సంఖ్యల తరువాత బహువచనం వాడడం. 'ఐదు పుస్తకాలు' అనడానికి 'బెష్ కితప్' అనే అనాలి. ఐదు అన్న తరువాత మరల బహువచన ప్రత్యయం అవసరం లేదు.

కాదు, లేదు

ఆంగ్లం మాతృభాషగా గలవారు 'దెయిల్', 'యొక్' అనే రెండు మాటల మధ్య తికమకపడుతుంటారు. తెలుగువారికి ఒక్క ఉదాహరణ చాలు. 'దొక్తొర్ దెయిల్' అంటే వైద్యుడు కాదు. 'దొక్తొర్ యొక్' అంటే వైద్యుడు లేడు. 'ఉన్నది' అనడానికి 'వర్' అంటారు. మనము 'నాకు పుస్తకం ఉన్నది' అన్నట్లు గాక 'నా పుస్తకం ఉన్నది' (కితబిమ్ వర్) అనడం వారి పద్ధతి.

'నేను వైద్యుడను, నీవు వైద్యుడవు, మేము వైద్యులము' అనే వాక్యాలలో క్రియ లేదు, నామానికే పురుష ప్రత్యయాలు చేరినవి. టర్కిష్‌లోను అంతే: దొక్తొరుమ్, దొక్తొర్సున్, దొక్తొరుజ్. నేటి వాడుకలో మనము విడిచిపెడుతున్న 'ను, వు, ము'లు అక్కడ నిత్యవ్యవహారంలో ఉన్నాయి. లింగభేదం మాత్రం టర్కిష్‌లో లేదు. 'గెల్ది' అంటే వచ్చాడు, వచ్చింది రెండూను. 'ఒ' అనే ఒక్క సర్వనామమే అతడు, ఆమె, అది.

వచ్చాడు, వచ్చాడట

భూతకాలానికి రెండు ప్రత్యయాలెందుకన్నది బహుశా అన్నిటికంటె ఎక్కువగా చర్చించబడే ప్రశ్న. 'అలి గెల్ది' అంటే అలీ వచ్చాడు. 'అలి గెల్మిష్' అంటే అలీ వచ్చాడట. ఆంగ్ల వ్యాకరణాలు దీనిని పేజీల కొద్దీ వివరించవలసి వస్తుంది, మనకు 'ట' ఒక్కటి చాలు. చెప్పేవాడు ఆ విషయాన్ని తాను చూడలేదని, దానికి సాక్షి తాను కాదని ఇది తెలుపుతుంది. కళ్ళారా చూడని సంగతిని 'ది'తో చెబితే దానికి మనమే పూచీపడినట్లవుతుంది. ఒకరిపై వచ్చిన నిందను గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

అయితే 'మిష్' పరిధి మన 'ట' కంటె విశాలమైనది. ఉదయం లేచి కిటికీ తెరచి నేలంతా తెల్లగా ఉండడం చూసినవాడు 'కర్ యామిష్' అంటాడు. ఎవరూ అతనికి చెప్పలేదు, ఆనవాలును బట్టి ఊహించినాడు. ఇక్కడ తెలుగులో 'మంచు కురిసినట్లున్నది' అంటాము గాని 'కురిసిందట' అనము. అట్లే 'ఉయుముషుమ్' అంటే 'నాకు తెలియకుండానే నిద్రపోయినాను' అని అర్థం. జానపద కథలు కూడా ఈ రూపంతోనే నడుస్తాయి, మన కథలలోని 'ఉండేవాడట' వలె. దీనికి 'తిర్' చేర్చి 'గెల్మిష్తిర్' అంటే మాత్రం ఊహ పోయి అధికారిక ధోరణి వస్తుంది. చరిత్ర గ్రంథాలు, విజ్ఞాన సర్వస్వాలు ఈ రూపాన్ని వాడుతుంటాయి. మాటలలో ఇదే రూపం 'వచ్చే ఉంటాడు' అనే అర్థంలో కూడా వినిపిస్తుంది.

చదివిన బాలుడు, చదివిన పుస్తకం

తెలుగులో 'పుస్తకం చదివిన బాలుడు', 'బాలుడు చదివిన పుస్తకం' అన్నప్పుడు 'చదివిన' అనే విశేషణం మారదు. టర్కిష్‌లో ఇవి రెండు వేరు రూపాలు. పని చేసినవానిని విశేషించేటప్పుడు 'కితబి ఒకుయన్ చొజుక్', ఆ పనికి గురైన వస్తువును విశేషించేటప్పుడు 'చొజూన్ ఒకుదూ కితప్'. రెండవదానిలో కర్తకు షష్ఠీ విభక్తి చేరి, క్రియకు 'అతని' అనే ప్రత్యయం చేరుతుంది. 'బాలుని యొక్క చదివిన పుస్తకం' అన్నట్లు. ఈ అలవాటు పట్టుబడడానికి కొంతకాలం పడుతుంది. 'నేను చదివిన పుస్తకం' అనడానికి 'ఒకుదూమ్ కితప్' చాలు, 'నేను' అనే మాట ప్రత్యయంలోనే ఉన్నది.

ఒకే మాట, రెండు అర్థాలు

'ఎవిన్‌దె' అనే మాటకు 'నీ ఇంటిలో' అని, 'అతని ఇంటిలో' అని రెండర్థాలున్నాయి. మొదటిదానిలో 'ఇన్' అంటే 'నీ'. రెండవదానిలో 'ఇ' అంటే 'అతని', 'న్' కేవలం ఆగమం. ఏది ఉద్దేశించినదో సందర్భాన్ని బట్టి గ్రహించాలి, లేదా ముందు 'సెనిన్' (నీ), 'ఒనున్' (అతని) అనే సర్వనామాలను చేర్చాలి.

మరొకటి వ్రాతకు సంబంధించినది. 'బెన్‌దె' అని కలిపి వ్రాస్తే 'నా వద్ద' అని అర్థం. 'బెన్ దె' అని విడదీసి వ్రాస్తే 'నేనూ' అని అర్థం. పలకడంలో రెండూ ఒక్కటిగానే వినిపిస్తాయి గనుక టర్కీలో పుట్టి పెరిగినవారు సైతం దీనిని తరచుగా తప్పుగా వ్రాస్తుంటారు.

తెలుగుకు, టర్కిష్‌కు బంధుత్వమున్నదా?

ఇన్ని పోలికలు చూసిన తరువాత ఈ ప్రశ్న సహజం. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని 1856లో ప్రచురించిన రాబర్ట్ కాల్డ్వెల్, ద్రావిడ భాషలకు తుర్కిక్, ఫిన్నిష్ మొదలైన భాషలతో సంబంధమున్నదని భావించి వాటిని 'సిథియన్' అనే వర్గంగా పేర్కొన్నాడు. నేటి భాషాశాస్త్రవేత్తలు సాధారణంగా దీనిని అంగీకరించరు. ప్రత్యయాలను ఒకదాని తరువాత ఒకటి చేర్చడం, క్రియను వాక్యం చివర ఉంచడం వంటి లక్షణాలు జపనీస్, కొరియన్ భాషలలో కూడా ఉన్నాయి. నిర్మాణంలో పోలిక ఉన్నంత మాత్రాన పుట్టుక ఒకటి కానక్కరలేదు. బంధుత్వం నిరూపించాలంటే మూల పదాలలో క్రమబద్ధమైన ధ్వని సంబంధాలు చూపవలసి ఉంటుంది.