తాటాకు పాక నుంచి స్లాబు చర్చి దాకా

చల్లపల్లి నుంచి బందరు వైపు వెళ్లినా, అవనిగడ్డ వైపు వెళ్లినా పేటల్లో శిలువ ఎత్తిన చర్చిలు కనిపిస్తాయి. స్లాబు, టైల్సు, కొత్త రంగులు చూస్తే నిన్నగాక మొన్న కట్టారనిపిస్తుంది. కట్టడం కొత్తదే కావచ్చు, సంఘం మాత్రం పాతది.

1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే మిషనరీలు బందరులో దిగారు. 1843లో నోబుల్ పెట్టిన బడే నేటి నోబుల్ కాలేజీ. అది పట్నం ముచ్చట. పల్లెల్లో కథ మలుపు తిరిగింది 1859లో. రాఘవాపురంలో మాల కులానికి చెందిన పాగోలు వెంకయ్య తనవాళ్లతో కలిసి మిషనరీ డార్లింగ్ దొర చేతి మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ మాట చుట్టరికాల వెంట పేట నుంచి పేటకు పాకింది. ఊరి గుడి గడప తొక్కనివ్వని మనుషులు తమ పేట నడుమ తమకంటూ ఒక గుడి కట్టుకున్నారు.

అది మట్టిగోడల తాటాకు పాక. ఆదివారం ఆరాధన, మిగతా రోజుల్లో బడి. సంఘాన్ని నడిపే ఉపదేశే బడి పంతులు. ఎన్నో కుటుంబాల్లో మొదటి అక్షరం దిద్దింది ఆ పాకలోనే.

సముద్రం పక్కన పాక ఎన్నాళ్లు నిలుస్తుంది? 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30 వేల ప్రాణాలు తీసింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ గతి అందరికీ తెలిసిందే. ఇక్కడ పక్కా కప్పు కావాలనుకోవడం ఆడంబరం కాదు.

ఆ కప్పుకు డబ్బు ఎక్కడిది? అన్నం వండే ముందు ఆడవాళ్లు పక్కన తీసిపెట్టిన పిడికెడు బియ్యం కూడా కానుకే. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అజరయ్య ఈ పద్ధతిని ఎంతో ప్రోత్సహించారు. కృష్ణా జిల్లా ఆంగ్లికన్ సంఘాలు ఒకప్పుడు ఆయన అధ్యక్షతలోనివే. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌లో ఆయన మసీదు గుమ్మటాలను, గుడి స్తంభాలను ఒకచోట చేర్చారు. క్రీస్తు మందిరం మన నేల మీద మొలిచినట్టుండాలన్నది ఆయన పట్టుదల. ఏ ఊళ్లో చూసినా ఒకే అచ్చులో లేస్తున్న నేటి చర్చిలలో ఆ పట్టుదల కొరవడింది.

పాత చర్చి పడగొట్టే ముందు సంఘపెద్దలు రెండు పనులు చేయాలి. శంకుస్థాపన రాయినీ గంటనూ భద్రంగా తీసి కొత్త గోడలో, కొత్త గోపురంలో నిలపండి. ఆ పాకలో చదువుకున్న ముసలివాళ్లు ఉండగానే వాళ్ల మాటలు రాసిపెట్టండి.