మీకు తెలుసా? కంప్యూటర్ ఆన్ కాకపోతే కరెంటు ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోవచ్చు

సికింద్రాబాద్ చుట్టుపక్కల యాప్రాల్, సైనిక్‌పురి, బొల్లారం వైపు సైన్యంలో పనిచేసి రిటైరైన కుటుంబాలు చాలా ఉన్నాయి. స్పర్శ్ పోర్టల్‌లో పెన్షన్ వివరాలు చూసుకోవాలన్నా, దూరదేశంలో ఉన్న మనవలతో మాట్లాడాలన్నా ఆ పెద్దలకు కంప్యూటర్ పెద్ద తెరే సుఖం. అలాంటి యంత్రం ఒకరోజు బటన్ నొక్కితే ఉలకదు, పలకదు. ‘ఇక పోయినట్టే, కొత్తది కొనాలి’ అని తొందరపడకండి. గోడ ప్లగ్ నుంచి ప్రాసెసర్ దాకా కరెంటు ఎన్నో మజిలీలు దాటాలి. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం రిపేరు అయినట్టే. బయటి నుంచి లోపలికి వరసగా చూద్దాం.

1. ఇంట్లో కరెంటున్నా ఆ గదిలో ఉండకపోవచ్చు

త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో మూడు ఫేజులనూ గదులకు పంచుతారు. ఒక ఫేజ్ పోతే హాల్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ గదిలో ప్లగ్ మాత్రం పనిచేయదు. అదే ప్లగ్‌లో టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడండి. చాలా ఫోన్ ఛార్జర్లు 100 వోల్టులకే పనిచేస్తాయి కాబట్టి లో వోల్టేజీని పట్టివ్వవు. ఫ్యాన్ అయితే నీరసంగా తిరిగి వెంటనే చెప్పేస్తుంది. మెయిన్ బోర్డులో ఎంసీబీ పడిందేమో కూడా చూడండి. వీధిలో అందరికీ అదే పరిస్థితి అయితే ఫోన్ చేయాల్సింది విద్యుత్ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ నంబరు 1912కి.

2. మానిటర్ వైరే మీ దగ్గరున్న మొదటి స్పేర్ పార్టు

కంప్యూటర్ వెనక గుచ్చే వైరు, చాలా మానిటర్ల వైరు ఒకే రకం. అంతర్జాతీయ ప్రమాణాల్లో దాని పేరు సీ13, సామర్థ్యం 10 ఆంపియర్లు. రెండింటినీ అటూ ఇటూ మార్చి చూస్తే వైరు తప్పో కాదో నిమిషంలో తేలుతుంది. స్పైక్ గార్డ్ వాడుతుంటే దాని పక్కన ఉండే చిన్న రీసెట్ బటన్ బయటికి పొడుచుకొచ్చిందేమో చూసి లోపలికి నొక్కండి. క్యాబినెట్ వెనక, వైరు గుచ్చే చోటికి దగ్గర్లో ఇంకో చిన్న స్విచ్ ఉండొచ్చు. ఇల్లు ఊడ్చేటప్పుడు, సామాను జరిపేటప్పుడు చెయ్యి తగిలి అది ఆఫ్ అవుతుంటుంది.

3. కరెంటు పోకుండా కాపాడే యూపీఎస్సే కరెంటును ఆపేయవచ్చు

ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. మన ఎండలకు అది చాలాచోట్ల రెండు మూడేళ్లకే నీరసపడుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కొన్ని యూపీఎస్‌లు గోడలో కరెంటున్నా అసలు ఆన్ కావు. యూపీఎస్‌ను పక్కనపెట్టి కంప్యూటర్ వైరును నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టండి. ఆన్ అయితే తప్పు యూపీఎస్‌ది, చాలాసార్లు దాని బ్యాటరీది.

4. మూడో పిన్ను పొడవుగా ఉండటానికి కారణం ఉంది

మన త్రీపిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే లావు, పొడవు. గుచ్చేటప్పుడు అది అన్నిటికంటే ముందు తగిలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలని అలా చేశారు. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోందా? ఎర్తింగ్ సరిగా లేనప్పుడు, కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల మూలంగా రేకు మీదికి సుమారు సగం మెయిన్స్ వోల్టేజీ చేరుతుంది. కరెంటు అతి తక్కువే అయినా అది హెచ్చరికే. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

5. బటన్ నొక్కితే మెయిన్స్ కరెంటు వచ్చేది కాదు

1981 నాటి ఐబీఎం పీసీకి పక్కన పెద్ద ఎర్ర స్విచ్ ఉండేది. అది నేరుగా మెయిన్స్‌నే కలిపేది, తెంచేది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణంతో ఆ పద్ధతి మారింది. ఇప్పటి బటన్ చేసేదల్లా మదర్‌బోర్డుకు ఒక కబురు పంపడమే. ‘ఆన్ చెయ్’ అని ఎస్‌ఎంపీఎస్‌కు చెప్పేది మదర్‌బోర్డు. కాబట్టి బటన్ నొక్కినా కదలిక లేదంటే తప్పు బటన్‌ది కావచ్చు, మదర్‌బోర్డుది కావచ్చు, ఎస్‌ఎంపీఎస్‌ది కావచ్చు.

6. ఆఫ్‌లో ఉన్న కంప్యూటర్‌లోనూ కరెంటు తిరుగుతుంది

వెనక స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు మౌస్ కింద ఎర్ర కాంతి కనిపించినా, ఇంటర్నెట్ కేబుల్ గుచ్చే చోట లైటు మినుకుమన్నా, మదర్‌బోర్డు మీద చిన్న దీపం వెలుగుతున్నా గోడ నుంచి ఎస్‌ఎంపీఎస్ దాకా దారి బాగున్నట్టే. ఏ దీపమూ లేకపోతే మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టుకోవచ్చు. లోపల చెయ్యిపెట్టే ముందు గోడ ప్లగ్ పీకేయమనేది ఈ కరెంటు వల్లే.

7. వైరు పీకి బటన్ నొక్కడం వట్టి నమ్మకం కాదు

ఎక్కడైనా షార్ట్ అయినట్టు అనిపిస్తే ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను ఆగిపోయి, అదే స్థితిలో బిగుసుకుపోతుంది. కరెంటు హెచ్చుతగ్గుల తర్వాత ఇలా జరగడం మామూలే. వైరు పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కిపట్టండి. మిగిలిన ఛార్జి దిగిపోయి రక్షణ వ్యవస్థ మళ్లీ మొదటికొస్తుంది. పెన్‌డ్రైవ్‌లు, ప్రింటర్ వైరు కూడా తీసేసి ప్రయత్నించండి. ఒక్క చెడిన యూఎస్‌బీ పరికరం వల్లే యంత్రం మొత్తం లేవని సందర్భాలున్నాయి.

8. ముందున్న బటన్ చెడినా కంప్యూటర్‌ను లేపవచ్చు

క్యాబినెట్ బటన్ నుంచి రెండు సన్నని వైర్లు మదర్‌బోర్డు అంచున ఉన్న రెండు పిన్నులకు వెళ్తాయి. మదర్‌బోర్డు పుస్తకంలో ఆ జంట ఏదో గుర్తుపెట్టి ఉంటుంది. వైర్లు తీసి, ఆ రెండు పిన్నులనే స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకిస్తే బటన్ నొక్కినట్టే లెక్క. కంప్యూటర్ లేచిందంటే పోయింది అతి చవకైన బటన్ మాత్రమే. చెయ్యి స్థిరంగా లేనివారు, లోపలి భాగాలు పరిచయం లేనివారు దీన్ని మెకానిక్‌కే వదిలేయాలి.

9. అంతా సవ్యంగా ఉందని చెప్పేదాకా ప్రాసెసర్ పని మొదలెట్టదు

మదర్‌బోర్డుకు గుచ్చే 24 పిన్నుల వెడల్పాటి కనెక్టర్‌ను దగ్గరగా చూడండి. రంగుల వైర్లున్న పాతవాటిలో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండ్. ఊదా వైరులో వచ్చేది స్టాండ్‌బై. ఆకుపచ్చ వైరు ‘ఆన్’ ఆజ్ఞది. బూడిద రంగు వైరులో మాత్రం కాస్త ఆగి, 100 నుంచి 500 మిల్లీసెకన్ల తర్వాత ‘వోల్టేజీలన్నీ నిలకడగా ఉన్నాయి’ అనే సంకేతం వస్తుంది. అది అందేదాకా మదర్‌బోర్డు ప్రాసెసర్‌ను ఆపి ఉంచుతుంది. ఫ్యాన్ ఒక క్షణం తిరిగి ఆగిపోతోందంటే ఎక్కడో షార్ట్ ఉండొచ్చు. ప్రాసెసర్ పక్కన గుచ్చే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ వదులైనా యంత్రం సరిగా లేవదు.

10. ఫ్యాన్ తిరుగుతుంటే చూడాల్సిన దారి వేరు

ఫ్యాన్లు, లైట్లు ఉండి తెర నల్లగా ఉంటే కరెంటు అందినట్టే. అప్పుడు చూడాల్సింది ర్యామ్‌ను, డిస్‌ప్లే కేబుల్‌ను. మన రిపేరు షాపుల్లో ర్యామ్ బయటికి తీసి దాని బంగారు పూత అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్లీ గట్టిగా గుచ్చుతారు. పట్టిన మరక వదిలి కాంటాక్ట్ కుదిరితే తెర వెలుగుతుంది. బీప్ శబ్దాలు వస్తే ఎన్ని, ఎంత పొడవో రాసుకోండి. తనను తాను పరీక్షించుకున్న మదర్‌బోర్డు ఆ బీపులతో తన జబ్బు చెబుతుంది.

11. బిళ్ల బ్యాటరీ పేరులోనే దాని కొలతలున్నాయి

మదర్‌బోర్డు మీది సీఆర్2032 అడ్డకొలత 20 మిల్లీమీటర్లు, మందం 3.2, వోల్టేజీ 3. అది అయిపోతే తేదీ, సమయం తప్పుతాయి. కొన్ని బోర్డులు బూట్ కావడానికీ మొరాయిస్తాయి. మార్చాక పాతదాన్ని టేబుల్ మీద వదలకండి. చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు.

12. ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఇంట్లో విప్పకూడదు

230 వోల్టుల ఏసీ డీసీగా మారాక దాన్ని నిలవచేసే కెపాసిటర్లో సుమారు 325 వోల్టులు ఉంటాయి. వైరు పీకాక కూడా అవి కొంతసేపు నిలిచి ఉండొచ్చు. అందుకే ఆ డబ్బాను ఇంట్లో రిపేరు చేయొద్దు, మార్పించండి. మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినవి కనిపిస్తే అవి పోయినట్టే. 2000ల తొలి ఏళ్లలో ప్రపంచమంతటా నాసిరకం కెపాసిటర్ల వల్ల లక్షలకొద్దీ బోర్డులు ఇలాగే పాడయ్యాయి.

13. తొలితరం భారతీయ కంప్యూటర్లు తయారైంది మన పొరుగునే

సైనిక్‌పురి దాటితే వచ్చే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లో మొదలైంది. ట్రాంబేలో రూపుదిద్దుకుని 1969లో వచ్చిన 12 బిట్ల టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది ఆ సంస్థే. ఆ సంస్థను నడిపించిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి బిడ్డ. ఏఎస్ రావు నగర్‌కు ఆయన పేరే. అప్పటి యంత్రాల పక్కన ఇంజినీర్లుండేవారు. ఇవాళ ఇంటి యంత్రం పక్కన ఉండేది మనమే కాబట్టి దాని దారి మనకు తెలియాలి.

14. సీటీసీకి వెళ్లేముందు నాలుగు ముక్కలు రాసుకోండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో విడిభాగాలన్నీ దొరుకుతాయి. ‘ఆన్ కావట్లేదండీ’ అని ఊరుకోకుండా, ప్లగ్, వైరు, యూపీఎస్ చూశామని, స్టాండ్‌బై లైటు ఉందో లేదో, ఫ్యాన్ కదిలిందో లేదో, బీపులు ఎన్నో చెప్పండి. మీ ఎదుటే వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూపించమని అడగండి. అప్పుడు బేరం ఒక్క భాగం ధర దగ్గర మొదలవుతుంది, కొత్త కంప్యూటర్ మాట వెనక్కి పోతుంది. తీసేసిన భాగాలను, యూపీఎస్ బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా షాపుకో, ఈ-వేస్ట్ సేకరించే వారికో అప్పగించండి.